3 మెట్లకు 18 అడుగులు

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో అమ్మతో ఉంటున్నాను. స్కూటీ యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం పనిచేయడం లేదు, చేతులు మాత్రం బాగున్నాయి. ఇన్నాళ్లూ ఇంట్లోంచే పని చేశాను. ఇప్పుడు ఆఫీసు వాళ్లు వారానికి మూడు రోజులు రాయదుర్గం రమ్మంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఉంది కానీ పార్కింగ్ నుంచి లిఫ్ట్ దగ్గరికి మూడు మెట్లు. వాచ్‌మన్, ఇంకొకరు కలిసి కుర్చీతో సహా ఎత్తాలి. ర్యాంపు అడిగితే అసోసియేషన్ వాళ్లు "ఒక్కరి కోసం పార్కింగ్ పాడు చేయలేం, ఎత్తడానికి మనుషులున్నారుగా" అన్నారు. అమ్మేమో "ఇన్ని తిప్పలెందుకు, ఉద్యోగం మానెయ్" అంటోంది. బయటికొస్తే జనం చూసే చూపులు భరించలేకపోతున్నాను. బ్యాటరీ వీల్‌చైర్ కొంటే ఇవన్నీ తీరతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఉద్యోగం మానకు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. బ్యాటరీ కుర్చీ ఇప్పుడే కొనకు, ఎందుకో చివర్లో చెప్తాను. నేను కూడా కుర్చీలోనే ఈ ఊరు తిరుగుతాను, అందుకే కొన్ని విషయాలు మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఎత్తడానికి మనుషులున్నారుగా అన్నారు చూడు, నీ ఉత్తరంలో నాకు బాగా మండింది ఆ మాటకే. వాచ్‌మన్ మంచివాడే అయ్యుంటాడు, పాపం పిలవగానే వస్తాడు కూడా. కానీ ఆయన సెలవు పెట్టిన రోజు? మోటారు వేయడానికి వెళ్లిన పది నిమిషాలు? కుర్చీ చేతుల్లోంచి జారితే దెబ్బ తగిలేది ఎవరికి? మొదటిసారి విరిగిన వెన్నెముక అది, రెండోసారికి తట్టుకోదు. పైగా ప్రతిసారీ ఇద్దరు మగవాళ్లు నిన్ను పట్టుకుని పైకి లేపుతుంటే పళ్లు బిగపట్టి కూర్చోవాలి, ఆ సంగతి ఆ మీటింగ్‌లో ఎవరికీ తట్టి ఉండదు. మనిషి సాయం ఎప్పుడో ఒకసారి తీసుకుంటే బాగుంటుంది. రోజూ పొద్దునా సాయంత్రం దాని మీదే బతకాల్సి వస్తే, నువ్వు ఎప్పుడు బయటికెళ్లాలో నిర్ణయించేది నువ్వు కాదు, వాళ్ల ఖాళీ.

అందుకే నువ్వు అసోసియేషన్‌ని అడిగే తీరు మార్చు. "మీరే ఏదో ఒకటి చూడండి అంకుల్" అంటే ఎవరూ చూడరు. టేపు తీసుకుని కొలిచి, కాగితం మీద గీసి ఇవ్వు. మామూలుగా మెట్టు ఎత్తు ఆరంగుళాలు ఉంటుంది, మూడు మెట్లంటే పద్దెనిమిది అంగుళాలు. మన దేశంలో 2021లో వచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాల్లో ర్యాంపు వాలు 1:12కి మించకూడదని ఉంది. అంటే ఒక అంగుళం ఎక్కడానికి పన్నెండు అంగుళాల పొడవు, నీ మూడు మెట్లకి మొత్తం 18 అడుగులు. వెడల్పు ఏ ర్యాంపుకైనా 1200 మిల్లీమీటర్లకి, అంటే సుమారు నాలుగు అడుగులకి తగ్గకూడదు. "అమ్మో పద్దెనిమిదా" అంటారు, అననీ. చాలా అపార్ట్‌మెంట్లలో మెట్ల పక్కన బైకులు ఎక్కించడానికి నాలుగైదు అడుగుల సిమెంటు వాలు పోసి దాన్నే ర్యాంపు అని చూపిస్తారు. దాని మీద నీ అంతట నువ్వు ఎక్కలేవు, దిగేటప్పుడు కుర్చీ ముందుకి తలకిందులవుతుంది. మేస్త్రీకి కూడా ఈ లెక్క చాలామందికి తెలియదు, "నేను చూసుకుంటాలేమ్మా" అంటాడు, ఆ మాట నమ్మి ఊరుకోకు.

పద్దెనిమిది అడుగులు తిన్నగా దొరక్కపోతే సగంలో మలుపు తిప్పొచ్చు, మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదరం సమంగా ఉండాలి. గోడ పక్కన పోనిస్తే పార్కింగ్ అంత పోదు, కొలిచి చూపిస్తే వాళ్లకే తెలుస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. సిమెంటు బదులు ఇనుప ఫ్రేమ్ మీద గళ్ల రేకు వేసి బోల్టులతో బిగించే ర్యాంపు వెల్డింగ్ షాపుల్లో చేస్తారు, రెండు పక్కలా పట్టుకోవడానికి పైపులు పెట్టించు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయొచ్చు కాబట్టి "బిల్డింగ్ ప్లాన్ మారుతుంది, రేపు ఎవరైనా అడిగితే?" అనే సెక్రటరీ గారి టెన్షన్ కూడా తీరుతుంది. ఖర్చు మేమే పెట్టుకుంటాం, అనుమతి ఇవ్వండి అని ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకో. న్యాయంగా అయితే మెయింటెనెన్స్ డబ్బుల్లోంచే పెట్టాలి, నాకూ తెలుసు. కానీ నువ్వు ఇప్పుడే ఆఫీసుకి వెళ్లాలి, ఆ గొడవ తర్వాత పడొచ్చు.

చట్టం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను, లేనిపోని ఆశ పెట్టను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో "పబ్లిక్ బిల్డింగ్" అంటే ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా జనం వచ్చిపోయేది. ఆఫీసు, షాపు, హాస్పిటల్, కాలేజీ దాని కిందికి ఖాయంగా వస్తాయి. పాత అపార్ట్‌మెంట్ వస్తుందా రాదా అని లాయర్లు రెండు వైపులా వాదించగలరు. అందుకని అసోసియేషన్‌ని మొదటి రోజే సెక్షన్ల పేరు చెప్పి బెదిరించకు. దానికంటే మీ బ్లాకులో మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు ఎందరు, చక్రాల సూట్‌కేసులు ఎత్తుకునేవాళ్లు ఎందరు, గ్యాస్ సిలిండర్ దొర్లించే అబ్బాయి, పసిపిల్లల బండి తోసే కోడళ్లు ఎందరో చూడు. వాళ్లలో నలుగురు జనరల్ బాడీ మీటింగ్‌లో "మాకూ కావాలి" అంటే ఇక "ఒక్కరి కోసం" అనే మాట చెల్లదు. అప్పటికీ కాదంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు రాయొచ్చు, కొలతల కాగితం, వాళ్ల జవాబు జతచేసి.

ఒక సంగతి గుర్తొచ్చింది. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్, ఎర్రకోట లాంటి చోట్ల ఆయన కోసం చెక్క ర్యాంపులు వేశారు. వాటి వెనక వీల్‌చైర్‌లో తిరిగే ఉద్యమకారుడు జావేద్ అబిదీ పెట్టిన ఒత్తిడి ఉంది. అన్ని వందల ఏళ్ల కట్టడాల దగ్గర వీలైనప్పుడు మీ స్టిల్ట్ పార్కింగ్‌లో వీలుకాకపోవడం ఏమిటి? ఈ మాట మీటింగ్‌లో వాడుకో.

ఇప్పుడు ప్రయాణం. సిటీ బస్సు సంగతి ఆలోచించకు, ఎత్తైన ఫుట్‌బోర్డు, మెట్లు, డ్రైవర్ కంగారు, మళ్లీ ఎత్తుడే. క్యాబ్ పనికొస్తుంది కానీ ఒక చిక్కుంది, చాలా క్యాబ్‌ల డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, మడిచిన కుర్చీ పట్టదు. బండి వచ్చాక చూసి రైడ్ క్యాన్సిల్ చేసి వెళ్లిపోతారు. బుక్ చేయగానే ఫోన్ చేసి "డిక్కీ ఖాళీగా ఉందా అన్నా, వీల్‌చైర్ ఉంది" అని అడుగు. చక్రాలు నొక్కగానే ఊడొచ్చే కుర్చీ అయితే వెనక సీట్లో కూడా పెట్టుకోవచ్చు. పెద్ద కారైతే సుఖం అనుకుంటారు, మనకి కాదు. కుర్చీ సీటూ కారు సీటూ ఒకే ఎత్తులో ఉంటేనే చేతుల బలంతో జరిగి కూర్చోగలం, కాబట్టి మామూలు సెడాన్ మేలు. ఆఫీసు క్యాబ్ ఉంటే ఇదే మాట ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి మెయిల్‌లో రాయి.

నీకు అసలు అనువైనది మెట్రో. కూకట్‌పల్లిలో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగడమే. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, టికెట్ గేట్లలో ఒకటి వెడల్పుగా ఉంటుంది, రైలు నేల ప్లాట్‌ఫారానికి దాదాపు సమానంగా వస్తుంది. ఆ మధ్య సందులో ముందు చిన్న చక్రాలు ఇరుక్కోకుండా కొంచెం పైకి లేపి ఎక్కించాలి, లేదా వెనక్కి తిరిగి పెద్ద చక్రాలతో ఎక్కాలి. ఫిజియోథెరపీ చేసే మనిషిని ఇది నేర్పమని అడుగు, ఈ ఒక్క విద్యతో సగం ఊరు తెరుచుకుంటుంది. స్టేషన్‌కి రాగానే సిబ్బందికి చెప్తే ఎక్కించి, దిగే స్టేషన్‌కి కబురు పెడతారు. మొహమాటపడకు, వాళ్ల పనే అది. అమీర్‌పేటలో రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, పొద్దున రద్దీలో లిఫ్ట్ ముందు కాళ్లు బాగున్న కుర్రాళ్లు క్యూ కట్టి ఉంటారు. "పక్కకి జరగండి, నాకు వేరే దారి లేదు" అని గట్టిగా అను. మెల్లగా అంటే ఫోన్‌లోంచి తల ఎత్తరు.

మెట్రో దిగి రోడ్డు మీదికొచ్చాక ఉంటుంది అసలు సినిమా. లిఫ్ట్ తలుపు తెరిస్తే ఎదురుగా ఫుట్‌పాత్, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, మిర్చి బజ్జీల బండి, పార్క్ చేసిన బైకులు. ఎక్కడో వాలు కట్టారని సంతోషపడి ఎక్కితే ఇరవై గజాల తర్వాత అడుగెత్తున తెగిపోయి ఉంటుంది. బైకులు ఎక్కకుండా స్తంభాలు పాతుతారు, వాటి మధ్యలో బైకు మాత్రం దూరుతుంది, మన కుర్చీ దూరదు! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే నడకదారి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని రాసింది. ఆ పుస్తకం మన రోడ్డు కాంట్రాక్టర్లలో ఎవరి ఇంట్లో ఉందో నాకు ఒకసారి చూడాలని ఉంది. అందుకే మనలో చాలామంది రోడ్డు అంచునే పోతాం. పోయేటప్పుడు వెనక ఎర్ర లైటు, కుర్చీ వీపుకి రేడియం స్టిక్కరు తప్పనిసరి. చీకటి పడ్డాక రోడ్డు మీద వద్దు, ఆఫీసు గేటు దాకా ఆటోనో క్యాబో తీసుకో. రోడ్డు దాటడానికి మాత్రం ఒక కిటుకు చెప్తా. చాలా స్టేషన్లలో టికెట్ లేకుండానే ఒక పక్క లిఫ్ట్‌లో పైకెక్కి టికెట్ గేట్ల బయటి హాలు (కాంకోర్స్) మీదుగా రెండో పక్క దిగొచ్చు. మీ కూకట్‌పల్లి హైవేని కుర్చీతో కింద నుంచి దాటాలని ఎప్పుడూ ప్రయత్నించకు.

మొదటిసారి ఆఫీసు రోజున వెళ్లకు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రైల్లో అమ్మని తీసుకుని వెళ్లు. ఏ లిఫ్ట్ రోడ్డుకి ఏ పక్క దిగుతుంది, ఏది మూసి ఉంది, ఎక్కడ వాలు ఉంది, అన్నీ ఫొటోలు తీసుకో. ఆ ఫొటోలు మున్సిపల్ కార్పొరేషన్‌కీ పంపు, ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కాగితం కూడా ఇవ్వు. అన్నీ బాగవుతాయని కాదు, ఏదో ఒక స్తంభమైతే పీకుతారు.

ఆఫీసు దగ్గర మాత్రం చట్టం నీ వైపు బలంగా ఉంది, అక్కడ నసగక్కర్లేదు. ప్రతి సంస్థకీ సమాన అవకాశాల పాలసీ ఉండాలి, అది రాష్ట్ర కమిషనర్ దగ్గర నమోదవ్వాలి. ఇరవై మంది, అంతకు పైన ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీ అయితే మన వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్ కూడా ఉండాలి. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి "ఆ పాలసీ కాపీ పంపండి, లైజన్ ఆఫీసర్ ఎవరో చెప్పండి" అని అడుగు. ఆ ఒక్క మెయిల్‌తోనే చాలా కంపెనీలు కదులుతాయి. పాత భవనాల్ని మార్చడానికి ఇచ్చిన అయిదేళ్ల గడువు 2022లోనే అయిపోయింది. చట్టం మీరితే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో, అందరికీ అందుబాటు అనేది ఇష్టముంటే పాటించే సలహాగా ఉండకూడదు, తప్పనిసరి కనీస నియమాలు పెట్టాల్సిందే అని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక తయారుచేసింది ఎవరో తెలుసా, మన శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

మెయిల్‌లో ఊరికే "వసతులు కల్పించండి" అని రాయకు, కొలతలు రాయి. తలుపు తెరిచాక ఖాళీ 900 మిల్లీమీటర్లు, బల్ల కింద మోకాళ్లు దూరే చోటు, క్యాంటీన్‌కి మెట్లు లేని దారి. వారానికి మూడు రోజుల బదులు మొదట్లో ఒకటి రెండు రోజులు వస్తానని అడగడం కూడా చట్టం ఒప్పుకునే సర్దుబాటే, బతిమాలినట్టు రాయకు. ఇంకొకటి ఎవరూ అడగనిది, అగ్నిప్రమాదం. మంటలొస్తే లిఫ్టులు ఆపేస్తారు. ఏ ఆరో అంతస్తులోనో ఉన్న నిన్ను కిందికి ఎవరు, దేనితో దించుతారు? మెట్ల మీద జారించి దించే ప్రత్యేక కుర్చీలు దొరుకుతాయి, మీ అంతస్తులో ఒకటి పెట్టమను. ఫైర్ డ్రిల్ రోజు "నువ్వు కూర్చోలే" అని వదిలేస్తే ఒప్పుకోకు.

టాయిలెట్ గురించి నువ్వు రాయలేదు, సిగ్గుపడి ఉంటావు, నేనే అడుగుతున్నా. ఆఫీసుల్లో వీల్‌చైర్ బొమ్మ ఉన్న గది చాలాసార్లు బకెట్లు, తుడుపుకర్రలు పెట్టుకునే స్టోర్ రూమ్‌గా ఉంటుంది, తాళం ఎవరి దగ్గరో ఉంటుంది. చేరే ముందు రోజే వెళ్లి చూసుకో. లోపల కుర్చీ తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల చోటు కావాలి, కమోడ్ సీటు ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు, పక్కన గోడకి గట్టి పైపు ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ గొడవంతా ఎందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దయచేసి ఆ పని చేయకు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్, రాళ్లు, చివరికి కిడ్నీల దాకా పోయేది ఇలాగే. మూత్రం తీయడానికి పెట్టి తీసేసే గొట్టం, అంటే క్యాథెటర్ వాడుతుంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి అంటారు, మీ డాక్టర్ చెప్పిన టైము క్యాలెండర్‌లో మీటింగ్ లాగా పెట్టేసుకో, బాస్ పిలిచినా కదలకు. అరగంటకోసారి చేతులతో ఒళ్లు కొంచెం పైకి లేపు, మంచి కుషన్ మీద కూర్చో. స్పర్శ లేని చోట పుండు పడితే నీకు తెలియదు, తెలిసేసరికి నెలలు మంచం మీద ఉండాల్సొస్తుంది.

అమ్మ సంగతి. ఆవిడ మొండితనంతో అనడం లేదు, ఒకసారి నిన్ను ఐసీయూలో చూసింది కదా, మళ్లీ రోడ్డు మీదికి పంపాలంటే కడుపులో తిప్పుతుంది. వాదించి గెలవాలని చూడకు, ఆదివారం ప్రయాణానికి వెంట తీసుకెళ్తే సగం భయం అక్కడే పోతుంది. వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ కథ ఆవిడకి చెప్పు. 1954లో కారు ప్రమాదంలో నీలాగే నడుము కింద చచ్చుబడింది, ఆ తర్వాత కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, 1966లో అక్కడే పునరావాస కేంద్రం మొదలుపెట్టింది. మన తెలుగువాళ్లు ఇప్పటికీ ఎంతోమంది అక్కడికి వెళ్తుంటారు. వీలైతే నువ్వూ కొన్ని వారాలు అలాంటి చోట ఉండిరా. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి ఒంటరిగా మారడం వచ్చేస్తే అమ్మ నడుముకి కూడా విశ్రాంతి.

జనం చూపులకి నా దగ్గర మందు లేదు. చూస్తారు. లిఫ్ట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు "ఏమైందమ్మా, పుట్టుకతోనా?" అని అడుగుతారు. గుడి ముందు ఒక్క నిమిషం ఆగితే ఒళ్లో పది రూపాయలు పడేసి పోతారు, నాకు పడ్డాయి! అన్నిటికీ జవాబు చెప్పక్కర్లేదు, "యాక్సిడెంట్ అండీ" అని ఫోన్ చూసుకో. పక్కనున్న మనిషిని పట్టుకుని "ఈవిడకి ఏం కావాలి" అని అడిగే వెయిటర్‌కి మాత్రం నువ్వే జవాబు చెప్పు, అక్కడ ఊరుకుంటే అలవాటైపోతుంది.

వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోతే ఆన్‌లైన్‌లో పెట్టెయ్. అది చాలా రాయితీలకి పనికొస్తుంది, పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే వైకల్యం ఉన్నవాళ్లకి 75,000, వైకల్యం 80 శాతం, అంతకు మించి ఉంటే 1,25,000 మినహాయింపు వస్తుంది.

ఇక కుర్చీ. బ్యాటరీ కుర్చీ చాలావరకు నలభై, యాభై కిలోలు ఉంటుంది. మూడు మెట్లు అలాగే ఉంటే దాన్ని నీతో సహా ఎవరు ఎత్తుతారు? క్యాబ్ డిక్కీలో పట్టదు. ర్యాంపు లేని ఇంటికి బ్యాటరీ కుర్చీ తెస్తే పార్కింగ్‌లోనే కవరు కప్పుకుని ఉంటుంది. నీ చేతులు బాగున్నాయి కాబట్టి ముందు నీ కొలతకి తగిన తేలికపాటి కుర్చీ చూసుకో. హాస్పిటల్ నుంచి వచ్చేటప్పుడు కొనిపించే మడత కుర్చీ అందరికీ ఒకటే సైజు, బరువెక్కువ, వెడల్పు పాతికంగుళాల పైనే, మన బాత్రూమ్ రెండున్నర అడుగుల తలుపులో చేతులు గీరుకుంటాయి. తుంటి కొలతకి సరిపోయే సీటు ఉంటే రెండు మూడు అంగుళాలు తగ్గుతుంది, తోసేటప్పుడు భుజాలు నొప్పెట్టవు. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ కంపెనీ వాళ్లు అలా కొలిచి చేసే కుర్చీ ఇస్తారు, దాని ముందు తగిలించుకునే మోటారు బండి కూడా ఉంది, గంటకి 25 కిలోమీటర్ల దాకా పోతుంది. రోడ్డు మీద తగిలించుకో, లోపలికి వెళ్లేటప్పుడు విప్పి పక్కన పెట్టెయ్. నీలాంటి ప్రయాణానికి అదో మధ్యేమార్గం. ఏది కొన్నా షోరూమ్ గచ్చు మీద తిప్పి చూసి కొనకు, మీ వీధిలో, మీ బాత్రూమ్ తలుపు దగ్గర ఒక పూట వాడి చూస్తానని అడుగు. ఒప్పుకోని చోట కొనకు.